బోల్డ్ ఇటాలిక్‌ను ముందు చూడండి

కొత్త సెరిఫ్ ఫాంటు (గీతల కొసల్లో చిన్న పాదాలుండే ఇంగ్లిషు అక్షరాలు) ఏదైనా చేతికి వచ్చినప్పుడు నేను రెగ్యులర్‌తో, అంటే మామూలు నిటారు రూపంతో, మొదలుపెట్టను. లావుగానూ (బోల్డ్) వాలుగానూ (ఇటాలిక్) ఉండే బోల్డ్ ఇటాలిక్ ఫైలు తెరుస్తాను. చిన్న ఎ, ఇ, ఎఫ్, కె, జెడ్ అక్షరాలను కొట్టి, ఎన్, ఎమ్, హెచ్‌లను పక్కపక్కన పెట్టి, తెర నిండేంత పెద్దవి చేసి చూస్తాను. తరువాత అవే అక్షరాలను పుస్తకంలో పడే సైజుకు తగ్గించి చూస్తాను. ఆ ఫాంటు కుటుంబం గురించి నాకు కావలసింది చాలావరకు అక్కడే తెలిసిపోతుంది.

రెగ్యులర్‌ను ఎవరూ నిర్లక్ష్యం చేయరు. ఫాంటుకు పేరు వచ్చినా పోయినా దాని వల్లనే. ఇటాలిక్‌లో గీసేవారి నైపుణ్యం కనబడుతుంది కాబట్టి దాన్ని ఇష్టంగా గీస్తారు. బోల్డ్ లేకపోతే శీర్షికలు నడవవు. నాలుగోదైన బోల్డ్ ఇటాలిక్ దగ్గరికి వచ్చేసరికి గడువు ముంచుకొస్తుంది, డబ్బు అయిపోతుంది, ఓపిక సన్నగిల్లుతుంది. అక్కడ కూడా శ్రద్ధ కనిపిస్తే మిగతా మూడింటినీ నమ్మవచ్చు.

బోల్డ్‌ను పక్కకు వాల్చితే వచ్చేది బోల్డ్ ఇటాలిక్ కాదు. ఇటాలిక్‌ను లావు చేస్తే వచ్చేదీ కాదు. దాన్ని విడిగా, మొదటి నుంచి గీయాలి. అంత కష్టపడి గీసిన తరువాత దాన్ని వాడవలసిన చోట్లు మాత్రం కొద్ది. ఆ కొద్ది చోట్ల దాని పని మరొకటి చేయలేదు. మిగతా చోట్ల అది అడ్డమే. ఈ మాటలు నమ్మి చెబుతున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఈ అక్షరం ఎందుకింత కష్టమో తెలియాలంటే దాని పుట్టుక తెలియాలి. ఇటాలిక్ వయసు 500 ఏళ్ల పైమాట. వెనిస్‌లో ఆల్డస్ మనూటియస్ ముద్రణాలయం కోసం ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన ఇటాలిక్ మొదట 1500లో, ఒక పుస్తకంలోని బొమ్మలో కొన్ని మాటలుగా కనిపించింది. మరుసటి ఏడాది వర్జిల్ కావ్యాల చిన్న సైజు ప్రతి మొత్తం ఆ అక్షరాలతోనే అచ్చయింది. ఒక మాటను నొక్కి చెప్పడం అప్పట్లో ఇటాలిక్ పని కాదు. పండితుల వేగమైన చేతిరాతకు అది అచ్చురూపం. పుస్తకమంతా అందులోనే నడిచేది. వాలినవి కూడా చిన్న అక్షరాలే. పెద్ద అక్షరాలు నిటారుగానే నిలబడేవి. నిటారు రోమన్ వాక్యంలో ఒక మాటను వేరుగా చూపడానికి ఇటాలిక్‌ను తోడు తెచ్చుకునే అలవాటు 16వ శతాబ్దం గడిచేకొద్దీ స్థిరపడింది.

బోల్డ్ కథ వేరు. అది 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో, ప్రకటనల పోటీలో పుట్టింది. గోడల మీద, కరపత్రాల మీద దూరం నుంచి కనబడాలనే కోరికతో అక్షరాలను విపరీతంగా లావు చేశారు. ఫ్యాట్ ఫేస్ అని పిలిచే ఆ అక్షరాలకు ఇటాలిక్‌లు కూడా పోతపోశారు. అవి పుస్తకంలోని వాక్యం మధ్య కూర్చునే అక్షరాలు కావు. పాఠంలో పక్కనే నిలబడగల లావు అక్షరం అనగానే అందరూ తలచుకునేది క్లారెండన్‌ను. లండన్‌లో రాబర్ట్ బెస్లీ భాగస్వామిగా ఉన్న ఫాన్ స్ట్రీట్ ఫౌండ్రీ 1845లో దాన్ని రూపకల్పనల రక్షణ చట్టం కింద నమోదు చేయించింది. ఆ చట్టం ఇచ్చిన రక్షణ మూడేళ్లే. గడువు తీరగానే మిగతా పోత సంస్థలు దాని పోలికలను తెచ్చుకున్నాయి. నిఘంటువుల్లో ఆరోపాలను, అంటే అర్థానికి ముందు వచ్చే ప్రధాన పదాలను, లావుగా అచ్చువేసే పద్ధతికి ఈ రకం అక్షరాలు బాగా కుదిరాయి.

అంటే ఇటాలిక్‌కూ బోల్డ్‌కూ మధ్య 300 ఏళ్లకు పైగా ఎడం ఉంది. ఒకటి చేతి కదలిక నుంచి వచ్చింది. సన్నదనం, వేగం, ఇరుకుదనం దాని స్వభావం. రెండోది దూరం నుంచి చూసే కంటి కోసం వచ్చింది. నల్లదనం, వెడల్పు, నిలకడ దాని స్వభావం. బోల్డ్ ఇటాలిక్ గీసే మనిషి ఈ రెండు స్వభావాలనూ ఒకే గీతలో ఇమడ్చాలి. అందుకు వెనక్కి తిరిగి చూసుకునే పాత నమూనా ఉండదు. 16వ శతాబ్దపు ఫ్రెంచి అక్షరశిల్పి గారమండ్ పేరుతో ఈనాడు దొరికే ఫాంట్లలో కొన్నింటి రెగ్యులర్‌కు ఆ కాలపు ఆధారం చూపించవచ్చు. ఇటాలిక్‌కు గ్రాంజాన్ వంటి సమకాలికుల ఆధారం చూపించవచ్చు. 1989లో రాబర్ట్ స్లింబాక్ అడోబీ గారమండ్‌కు ఇటాలిక్ గీసింది రొబెర్ గ్రాంజాన్ అక్షరాలను చూసే. బోల్డ్ ఇటాలిక్‌కు మాత్రం ఏ ఆధారమూ ఉండదు. ఆ కాలంలో అలాంటి అక్షరమే లేదు. గారమండ్ బోల్డ్ ఇటాలిక్ అంటే ప్రతిసారీ ఆధునిక రూపకర్త ఊహ. చరిత్రను నకలు చేసి తప్పించుకునే దారి మూసుకుపోయిన చోట ఆ మనిషి ఏం చేశాడన్నదే నాకు ఆసక్తి.

రెగ్యులర్, ఇటాలిక్, బోల్డ్, బోల్డ్ ఇటాలిక్ ఒకే కుటుంబం అనే భావన 20వ శతాబ్దంలో బలపడింది. అమెరికన్ టైప్ ఫౌండర్స్‌లో మోరిస్ ఫుల్లర్ బెంటన్ చెల్టెన్‌హామ్ అక్షరాలను బోల్డ్‌గా, బోల్డ్ ఇటాలిక్‌గా, ఇరుకుగా, వెడల్పుగా పెంచుకుంటూ పోయిన తీరు దీనికి తొలి గొప్ప ఉదాహరణల్లో ఒకటి. అదే కాలంలో, అచ్చు అక్షరాలను ఒక్కో లైనుగా పోతపోసే లైనోటైప్ యంత్రం ఈ కుటుంబాన్ని ఇబ్బంది పెట్టింది. 1886లో న్యూయార్క్ ట్రిబ్యూన్‌లో పనిలోకి దిగిన ఆ యంత్రంలో తరువాతి కాలపు అచ్చుముక్క ఒక్కోదాని మీద రెండేసి అక్షరాలు ఉండేవి: రోమన్‌తో ఇటాలిక్, లేదా రోమన్‌తో బోల్డ్. రెండూ ఒకే ముక్క మీద ఉన్నాయి కాబట్టి రెండింటి వెడల్పూ ఒకటే కావాలి. సహజంగా ఇరుకైన ఇటాలిక్‌ను సాగదీయవలసి వచ్చింది. ఇటాలిక్ ఎఫ్ పక్క అక్షరం మీదికి వాలకుండా కుంచించుకుపోయింది. జంటలతో నడిచే ఆ యంత్రంలో నాలుగో రూపానికి చోటు దొరకడమే కష్టం.

నాలుగింటికీ సమాన హోదా ఇచ్చింది కంప్యూటర్. 1985లో వచ్చిన ఆపిల్ లేజర్‌రైటర్ ప్రింటరులో 13 ఫాంట్లు ఉండేవి: టైమ్స్‌కు నాలుగు, హెల్వెటికాకు నాలుగు, కొరియర్‌కు నాలుగు, గుర్తుల కోసం ఒకటి. రాసేవారి ముందు బోల్డ్‌కు బి, ఇటాలిక్‌కు ఐ అనే రెండు మీటలు వెలిశాయి. రెండూ కలిపి నొక్కితే ఏదో ఒకటి రావాలి. ఆ క్షణం నుంచి బోల్డ్ ఇటాలిక్ ఉండితీరవలసిన వస్తువు అయింది. కానీ మీట ఉన్నంత మాత్రాన దాని వెనక గీసిన అక్షరం ఉంటుందన్న హామీ లేదు. ఈ వ్యాసంలోని గొడవంతా అక్కడి నుంచి మొదలవుతుంది.

ఇక గీతల్లోకి వెళ్దాం. పోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రింటరు భాష కోసం అడోబీ ఇచ్చిన టైమ్స్ ఫాంటు కొలతల ఫైళ్లు అందరికీ అందుబాటులో ఉన్నవే. ఫాంటు సైజును 1000 భాగాలుగా తీసుకుని ఇచ్చిన ఆ అంకెలను ఓపికగా చదివితే బోల్డ్ ఇటాలిక్ ఎలా తయారవుతుందో తెలుస్తుంది. నిలువు గీత మందం రెగ్యులర్‌లో 84, ఇటాలిక్‌లో 76, బోల్డ్‌లో 139. మరి బోల్డ్ ఇటాలిక్‌లో ఎంత? 121. బోల్డ్‌ను కేవలం పక్కకు వాల్చితే ఇంత తేడా రాదు. ఈ అక్షరాల వాలు 15 డిగ్రీలు. ఆ వాలుకు గీత మందం మూడు నాలుగు శాతమే తగ్గుతుంది. ఇక్కడ తగ్గింది దాదాపు 13 శాతం. ఎవరో కూర్చుని, ఇరుకైన ఇటాలిక్ అక్షరంలో 139 మందం గీత పడితే లోపలి తెలుపు మిగలదని గ్రహించి, సన్నం చేశారన్నమాట.

అడ్డగీతల లెక్క ఇంకా ఆసక్తికరం. సన్నని అడ్డగీత రెగ్యులర్‌లో 28, బోల్డ్‌లో 44. ఇటాలిక్‌లో 32, బోల్డ్ ఇటాలిక్‌లో 42. అంటే ఇటాలిక్ నుంచి బోల్డ్ ఇటాలిక్‌కు వెళ్లేటప్పుడు నిలువు గీతకు 45 కలిస్తే సన్నగీతకు 10 మాత్రమే కలిసింది. లావు చేయడమంటే అన్ని వైపులా సమానంగా రంగు పూయడం కాదని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. సన్నగీతకూ 45 కలిపి ఉంటే అది 77 అయ్యేది; సెరిఫ్ అక్షరానికి ప్రాణమైన మందం, సన్నం తేడా అక్కడికక్కడే పోయేది.

వెడల్పులు కూడా చూడండి. చిన్న డి బోల్డ్‌లో 556, బోల్డ్ ఇటాలిక్‌లో 500. చిన్న ఎమ్ బోల్డ్‌లో 833, బోల్డ్ ఇటాలిక్‌లో 778. చిన్న ఎన్ మాత్రం రెండింటిలోనూ 556. అన్నింటినీ ఒకే నిష్పత్తిలో కుదించలేదు. ఏ అక్షరానికి ఎంత అవసరమో అంతే. అంకెలు మాత్రం నాలుగు రూపాల్లోనూ సరిగ్గా 500. పట్టికలో ఒక వరుసను బోల్డ్ ఇటాలిక్‌లోకి మార్చినా అంకెల నిలువు వరుస చెదరదు. ఎవరూ మెచ్చుకోని ఇలాంటి నిర్ణయాలంటే నాకు చాలా గౌరవం.

టైమ్స్‌ను ఆదర్శమని అనడం లేదు. 1932 అక్టోబరు 3న లండన్ టైమ్స్ పత్రిక దాన్ని వాడటం మొదలుపెట్టింది. స్టాన్లీ మోరిసన్ పర్యవేక్షణలో విక్టర్ లార్డెంట్ గీశారు. దాని రెగ్యులర్‌లోని గుండ్రని గీతల వాలుకూ బోల్డ్‌లోని బిరుసైన నిలువుతనానికీ పొంతన తక్కువ. అయినా దాని బోల్డ్ ఇటాలిక్‌ను నేను ఇష్టపడతాను. బోల్డ్ కంటే అది తేలికగా ఊపిరి పీల్చుకుంటుంది.

అంకెలు చెప్పని సంగతులు కంటికి తెలుస్తాయి. ఇటాలిక్‌లో చిన్న ఎన్, హెచ్, ఎమ్ అక్షరాల వంపు నిలువు గీత పైభాగాన మొదలవదు. కలం ఎత్తకుండా రాసినట్లు, కింది నుంచే గీతను అంటుకుని పైకి లేస్తుంది. ఆ వంపుకూ నిలువు గీతకూ మధ్య సన్నని తెల్లని చీలిక ఏర్పడుతుంది. ఇటాలిక్ ఇటాలిక్‌లా కనబడటానికి ఆ చీలికే కారణం. గీతలు లావెక్కగానే మొదట పూడిపోయేది కూడా అదే. దాన్ని పూడిపోనిస్తే అక్షరం మధ్యలో నల్లని ముద్ద పడుతుంది. మరీ పైకి జరిపితే వాలిన బోల్డ్ అవుతుంది, ఇటాలిక్ గుణం పోతుంది. మంచి రూపకర్త వంపు మొదలయ్యే చోట గీతను వెంట్రుక మందానికి తగ్గించి, చీలికను లోతుగా కోసి, వంపును భుజం దగ్గర ఒక్కసారిగా లావు చేస్తాడు. పెద్ద సైజులో చూస్తే ఆ కోత కాస్త అతిగా అనిపిస్తుంది. పుస్తకం సైజులో చూస్తే సరిగ్గా సరిపోతుంది.

చిన్న ఎ విషయంలో ఇటాలిక్ ఒక మేలు చేస్తుంది. నిటారు బోల్డ్‌లో ఎ రెండంతస్తుల అక్షరం. తక్కువ ఎత్తులో మూడు అడ్డగీతలు పట్టించాలి. ఇటాలిక్‌లో అది ఒక్క గిన్నె, ఒక్క గీత. కాబట్టి బోల్డ్ ఇటాలిక్‌లో ఎ హాయిగా ఉండగలదు. ఇ కి ఆ అదృష్టం లేదు. దాని పైకన్ను చిన్నది, వాలడం వల్ల ఇంకా నలుగుతుంది. ఆ కన్ను మూసుకుపోయిందంటే ఆ ఫాంటును నేను పక్కన పెట్టేస్తాను. ఇంగ్లిషు పాఠంలో అన్నింటికంటే ఎక్కువసార్లు వచ్చే అక్షరం అదే మరి.

ఎఫ్ తోక లైను కిందికి దిగుతుంది, తల కుడివైపుకు వాలుతుంది. బోల్డ్‌లో ఆ తల చివరి బొట్టు బరువెక్కి పక్కనున్న ఎల్ మీదో, ఉల్లేఖన చిహ్నం మీదో పడుతుంది. లోహపు అచ్చు రోజుల్లో అలా బయటికి పొడుచుకు వచ్చిన భాగాలు విరిగిపోయేవి. ఇప్పుడు విరగవు, ఢీకొంటాయి. పెద్ద అక్షరాల్లో ఎ చిత్రమైనది. దాని ఎడమ గీత సన్నం, కుడి గీత మందం. వాల్చితే సన్నగీత మరింత వాలిపోతుంది, మందగీత దాదాపు నిటారుగా నిలబడుతుంది. లెక్క ప్రకారం అంతా సరిగ్గానే వాలింది, కంటికి మాత్రం అక్షరం వెనక్కి పడిపోతున్నట్లు ఉంటుంది. రూపకర్త లెక్కను వదిలి కంటి మాట వినాలి.

గీయని చోట సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో ఇప్పుడు చెప్పాలి. బోల్డ్ ఇటాలిక్ ఫైలు దొరకకపోతే ప్రోగ్రాము బోల్డ్‌ను పక్కకు తోస్తుంది, లేదా ఇటాలిక్ చుట్టూ రంగు పూస్తుంది. వాలు ఎంతో ప్రత్యేకంగా చెప్పకపోతే వెబ్ పేజీల రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్ ప్రమాణం తీసుకునే కోణం 14 డిగ్రీలు. ఫాంటు ఏదైనా అదే కోణం. ఇద్దరి కొలతలు తీసుకుని, సగటు చేసి, మూడో మనిషికి చొక్కా కుట్టినట్లు ఉంటుంది ఫలితం. తోసిన గుండ్రని 'ఓ' అక్షరాన్ని పెద్దది చేసి చూడండి. కుడి పైమూల, ఎడమ కిందిమూల ఉబ్బుతాయి. మిగతా రెండు మూలలు చిక్కిపోతాయి. సన్నని అక్షరంలో ఈ వికారం దాగుతుంది. బోల్డ్‌లో మందమే ఎక్కువ కాబట్టి దాగదు. ఎ రెండంతస్తులతోనే పక్కకు ఒరుగుతుంది. సెరిఫ్‌ల అడుగులు నేలకు సమాంతరంగానే ఉంటాయి, వాటి మీది గీత మాత్రం వాలి ఉంటుంది.

దీనికి పేరున్న ఉదాహరణే ఉంది. ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌తో ఏళ్ల తరబడి అందరికీ అందిన మోనోటైప్ గారమండ్‌లో ఫైళ్లు మూడే: రెగ్యులర్, ఇటాలిక్, బోల్డ్. నాలుగోది లేదు. బి, ఐ రెండూ నొక్కినవారికి కనిపించింది అప్పటికప్పుడు అల్లిన నకిలీ. ఎన్ని సిద్ధాంత వ్యాసాల ముఖపత్రాల మీద ఆ నకిలీ అచ్చయిందో! వాటిని రాసినవారిని తప్పుపట్టను. మీట పనిచేసింది, అక్షరం మారింది, వారు నమ్మారు. లేని అక్షరాన్ని ఉన్నట్లు చూపించడమే నాకు అభ్యంతరం. వెబ్ పేజీలు తయారుచేసేవారికి దీన్ని ఆపే మార్గం ఉంది: సీఎస్‌ఎస్‌లో ఫాంట్-సింథసిస్ అనే గుణాన్ని వద్దు అని పెడితే బ్రౌజర్ నకిలీ తయారుచేయదు. ఉన్న బోల్డ్‌నో ఇటాలిక్‌నో చూపించి ఊరుకుంటుంది. నా మటుకు నాకు అదే మేలు.

వాడకానికి వస్తే, బోల్డ్ ఇటాలిక్‌కు సరైన చోటు రెండు అర్థాలు ఒకే మాట మీద కలిసే చోటు. శీర్షిక కాబట్టి బోల్డ్. ఆ శీర్షికలో ఒక గ్రంథం పేరు ఉంది కాబట్టి ఇటాలిక్. జీవశాస్త్రంలో ఇది రోజూ ఎదురయ్యే అవసరం. పాంథెరా టైగ్రిస్ (పులి) వంటి ప్రజాతి, జాతి నామాలు ఇటాలిక్‌లో ఉండాలి. వాటి పక్కన రాసే, ఆ పేరు పెట్టిన శాస్త్రవేత్త పేరు నిటారుగా ఉండాలి. ఆ రెండూ బోల్డ్ శీర్షికలోకి వస్తే జాతి పేరు బోల్డ్ ఇటాలిక్, శాస్త్రవేత్త పేరు నిటారు బోల్డ్. రెండింటి మధ్య తేడా ఒక్క చూపులో తెలియాలి. వాలు మాత్రమే తేడా అయితే చిన్న సైజులో అది తెలియదు. ఎ ఆకారం మారాలి, ఎఫ్ తోక దిగాలి, వెడల్పు తగ్గాలి. నిజంగా గీసిన బోల్డ్ ఇటాలిక్ కావలసింది ఇందుకే.

గణితం, భౌతికశాస్త్రం ఇంకా కఠినమైనవి. అక్కడ అక్షరం తీరు అలంకారం కాదు, అర్థం. ఐఎస్‌ఓ 80000 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం రాశుల గుర్తులు ఇటాలిక్, కొలత ప్రమాణాల (యూనిట్ల) గుర్తులు నిటారు, సదిశలు బోల్డ్ ఇటాలిక్. నిటారు ఎమ్ అంటే మీటరు. ఇటాలిక్ ఎమ్ అంటే ద్రవ్యరాశి. బోల్డ్ ఇటాలిక్ ఎమ్ అంటే అయస్కాంత భ్రామకం వంటి సదిశ. ఒకే అక్షరం, మూడు తీరులు, మూడు వేర్వేరు విషయాలు. సదిశలకు నిటారు బోల్డ్ వాడే పత్రికలు కూడా చాలా ఉన్నాయి. అది వాటి సంప్రదాయం. ఏది పాటించినా చివరిదాకా ఒకటే పాటించాలి.

ప్రూఫులు చూసేటప్పుడు నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టే జంట ఇటాలిక్ వి, గ్రీకు న్యూ. వేగానికి ఒకటి, తరంగ పౌనఃపున్యానికి మరొకటి. మామూలు ఇటాలిక్‌లోనే అవి కవలల్లా ఉంటాయి. వేగం సదిశ కాబట్టి బోల్డ్ ఇటాలిక్ అవుతుంది. లావెక్కిన వి అడుగు మొన మొద్దుబారితే యూ కూడా ఈ గందరగోళంలో చేరుతుంది. గణితానికి ఫాంటు ఎంచుకునేవారు ఈ మూడింటినీ బోల్డ్ ఇటాలిక్‌లో పక్కపక్కన పెట్టి చూడకుండా నిర్ణయం తీసుకోకూడదు. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్ తన కంప్యూటర్ మోడర్న్ ఫాంట్లలో గణితపు బోల్డ్ ఇటాలిక్‌నూ, పాఠంలో వాడే బోల్డ్ ఇటాలిక్‌నూ వేర్వేరు ఫాంట్లుగా ఉంచారు. సూత్రంలో అక్షరం ఒంటరిగా నిలబడుతుంది, పాఠంలో మాటగా కలిసి నడుస్తుంది. రెండింటి ఎడం ఒకటి కాదు. ఆ ఫాంట్లు ఉన్నా గణిత పత్రాలు తయారుచేసే లాటెక్ సాఫ్ట్‌వేర్ పాత 2.09 రూపంలో బోల్డ్ ఆదేశం తరువాత ఇటాలిక్ ఆదేశం ఇస్తే మొదటిది రద్దయి ఇటాలిక్ ఒక్కటే మిగిలేది. రెండూ కలిసే ఏర్పాటు 1994లో వచ్చిన లాటెక్ 2ఈతో అందరికీ మామూలైంది.

నిఘంటువుల్లో ఆరోపం బోల్డ్, వ్యాకరణ సూచన ఇటాలిక్ అయినప్పుడు, ఆరోపం కింద వచ్చే జాతీయాలకు బోల్డ్ ఇటాలిక్ ఇవ్వడం చక్కని పద్ధతి. వెతికే కన్ను దాని మీద ఆగుతుంది, ఆరోపమని పొరబడదు. పోస్టర్లలో, పత్రికల ముఖచిత్రాల మీద లావు ఇటాలిక్ సెరిఫ్ అందం వేరే. బోడోనీ అల్ట్రా ఇటాలిక్‌లోని నల్లని బొట్లు, కూపర్ బ్లాక్ ఇటాలిక్‌లోని మెత్తదనం, 1975లో ఎడ్ బెంగియాట్ గీసిన ఐటీసీ బుక్‌మన్‌లోని చుట్లు తిరిగే పెద్ద అక్షరాలు. రెండు మూడు మాటలకు ఇవి గొప్పగా ఉంటాయి.

పేరాలకు పేరాలు బోల్డ్ ఇటాలిక్‌లో పెట్టేవారితో మాత్రం నాకు గట్టి తగాదా ఉంది. హెచ్చరికలు, షరతులు, ముఖ్యమైన గమనికలు అంటూ పది లైన్లు ఇలా నింపుతారు. అంతా నొక్కి చెబితే దేన్నీ నొక్కి చెప్పనట్లే కదా. పైగా కన్ను ఎక్కడా ఆనుకోవడానికి తెలుపు దొరకదు. డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది కలిగించే స్థితి) ఉన్న పాఠకుల కోసం బ్రిటిష్ డిస్లెక్సియా అసోసియేషన్ ఇచ్చిన సూచనల్లో ఇటాలిక్‌ను, కిందగీతను మానుకుని, నొక్కి చెప్పడానికి బోల్డ్ వాడమని ఉంది. నేను దాన్ని ఇలా పాటిస్తాను: తీవ్రత పెంచడానికి ఎప్పుడూ బోల్డ్ ఇటాలిక్ వాడను. బోల్డ్ చాలలేదనిపిస్తే వాక్యాన్ని తిరగరాస్తాను.

సామాజిక మాధ్యమాల్లో వ్యాపించిన మరో అలవాటు ఇంతకంటే హానికరం. అన్ని లిపుల అక్షరాలకూ కంప్యూటర్లలో సంఖ్యలిచ్చే యూనికోడ్ ప్రమాణం 3.1లో, 2001లో, గణిత సూత్రాల కోసం ప్రత్యేక అక్షరాలు చేర్చారు. వాటిలో సెరిఫ్ బోల్డ్ ఇటాలిక్ వర్ణమాల ఒకటి. అక్షరశైలి మార్చే సౌకర్యం లేని చోట్ల జనం వాటిని తెచ్చి పేర్లూ నినాదాలూ రాస్తున్నారు. చూడటానికి బోల్డ్ ఇటాలిక్ పాఠంలా ఉంటుంది, కానీ అది పాఠం కాదు, సూత్రాల గుర్తుల వరుస. చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్లు కొన్ని ఒక్కో గుర్తు పూర్తి పేరును చదువుకుంటూ పోతాయి, కొన్ని మొత్తాన్ని దాటేస్తాయి. వెతికితే చాలా చోట్ల దొరకదు. ఆ సమూహంలో బోల్డ్ ఇటాలిక్ అంకెలే లేవు, కాబట్టి మధ్యలో సంవత్సరం వస్తే అది నిటారుగా మిగిలిపోతుంది. దయచేసి ఇలా రాయకండి. మీ మాట అవసరమైన మనిషికి చేరదు.

తెలుగు లిపికి ఈ ఇటాలిక్ చరిత్ర లేదు. మన అక్షరాలు ముందే వంపులు. వాటిని పక్కకు తోస్తే తలకట్టు, దీర్ఘం, వత్తు ఒకదాని మీద ఒకటి ఒరుగుతాయి తప్ప కొత్త స్వరం పుట్టదు. తెలుగులో వేరుచేసి చూపడానికి మందం, సైజు, ఎడం, ఉల్లేఖన చిహ్నాలు ఉన్నాయి. తెలుగు శీర్షికలో లాటిన్ లిపి జాతినామం వచ్చినప్పుడు ఆ నామానికి మాత్రమే బోల్డ్ ఇటాలిక్ ఇచ్చి, తెలుగును నిటారుగా ఉంచడం సరైన పని.

బోల్డ్ లేకుండానే గొప్ప పుస్తకాలు వచ్చాయని, రోమన్, ఇటాలిక్ రెండూ ఉంటే అచ్చుకు చాలునని వాదించేవారున్నారు. నవలకు, కవితా సంపుటికి వారి మాట నిజం. అక్కడ నేనూ బోల్డ్ అడగను. కానీ ఈనాడు మనం చదివేదంతా నవల కాదు. పాఠ్యపుస్తకాలు, సూచిక గ్రంథాలు, తెర మీది పొడవైన పేజీలు ఉన్నాయి. తెర మీద బోల్డ్ ఇటాలిక్ కుదరడం ఇంకా కష్టంగా ఉండేది. మాథ్యూ కార్టర్ మైక్రోసాఫ్ట్ కోసం గీసిన జార్జియా 1996లో వచ్చినప్పుడు పాఠం సైజులో గీత మందం ఒక పిక్సెల్. అంతకంటే లావు కావాలంటే రెండు పిక్సెల్‌లే. మధ్యలో ఏమీ లేదు. జార్జియా బోల్డ్ అంత నల్లగా ఉండటానికి కారణం అదే. ఆయన ముందు పిక్సెల్‌లలో అక్షరాలు కట్టి, తరువాత వాటి చుట్టూ గీతలు గీశారు. వాలిన గీత మెట్లుమెట్లుగా విరిగే ఆ తెరల మీద జార్జియా బోల్డ్ ఇటాలిక్ చదవగలిగేలా నిలబడింది. పరిమితిని తప్పించుకోకుండా దానికి తగ్గట్టు గీస్తే నాలుగో రూపం కూడా నిలుస్తుందని నేను నమ్మడానికి అదొక ఆధారం.

2016లో ప్రకటించిన వేరియబుల్ ఫాంట్ల పద్ధతిలో మందం ఒక కొలబద్ద అయింది. రెగ్యులర్ (400) నుంచి బోల్డ్ (700) దాకా ఎక్కడైనా ఆగవచ్చు. అయినా ఇటాలిక్‌ను చాలా కుటుంబాల్లో వేరే ఫైలుగానే ఇస్తున్నారు. రెండంతస్తుల ఎ నుంచి ఒకే గిన్నె ఎ దాకా సాఫీగా జారే దారి గీతల్లో లేదు కాబట్టి. అందువల్ల ఫాంటు కొనేటప్పుడో, ఉచితంగా దించుకునేటప్పుడో ఫైళ్ల జాబితాలో ఇటాలిక్ విడిగా ఉందో లేదో, ఉంటే దాని మందం కొలబద్ద 700 దాకా వెళుతుందో లేదో చూసుకోండి. తరువాత ఒక బోల్డ్ శీర్షిక కొట్టి, అందులో ఒక మాటను మాత్రమే ఇటాలిక్ చేయండి. ఆ మాటలోని ఎ ఇంకా రెండంతస్తులతోనే ఉంటే, ఎఫ్ లైను మీదే ఆగిపోతే, మీరు చూస్తున్నది బహుశా తోసిన అక్షరం. నిటారు రూపాలనే ఉంచుకుని వాలేలా గీసిన సెరిఫ్‌లు కొన్ని ఉన్నాయి. అలాంటప్పుడు 'ఓ' అక్షరం మూలలు చూడండి. అవి సమంగా ఉంటే ఎవరో కూర్చుని దిద్దారు. ఉబ్బి, చిక్కి ఉంటే ఆ కుటుంబానికి నాలుగో ఫైలు లేదు; ఆ శీర్షికకు వేరే ఫాంటు వెతుక్కోండి.